సాపు ప్రతి

నా భార్య చనిపోయిన నాలుగు నెలలకు ఆమె సంతకం నేను పెట్టాను. ఒక ఆఫీసు కౌంటరు ముందు నిలబడి, రెండు నిమిషాల్లో పెట్టాను. నేను కోర్టులో ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాణ్ని. చివరి పదేళ్లు బెంచి గుమాస్తాని. జడ్జిగారి ముందు కింది బల్ల దగ్గర కూర్చుని కేసు కట్టలు అందించేవాణ్ని, ఎవరి పేరు ఎప్పుడు పిలవాలో బంట్రోతుకు చెప్పేవాణ్ని. దొంగ సంతకం అంటే ఏమిటో, దానికి ఏం శిక్షో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా పెట్టాను.

ఇది సానుభూతి కోసం రాయడం లేదు. అది కావలసినంత దొరికింది. ఆమె పోయిన వారంలో ఇంటికి వచ్చినవాళ్లు దేవుడి చిత్తం అన్నారు, మంచివాళ్లని ముందు తీసుకుపోతాడు అన్నారు, టీ తాగి వెళ్లారు. ఆ మాటల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆమె ఎలాంటిదో కూడా రాయను. ఆమె గురించి మంచి వాక్యం ఒకటి రాయడం మొదలుపెడితే అది ఆమె గురించి కాకుండా నా వాక్యం గురించి అయిపోతుంది. నేను రాయాలనుకున్నది ఒక రెండు గదుల పెంకుటిల్లు గురించి.

ఆ ఇల్లు నౌపడ వైపు నుంచి వచ్చే రోడ్డు మీద, ఒక ఆసుపత్రికి ఎదురుగా ఉంది. ఆసుపత్రిలో డయాలసిస్ చేస్తారు. మా వైపు కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. వారానికి మూడుసార్లు మనుషులు బస్సుల్లో, షేరు ఆటోల్లో వస్తారు, నాలుగు గంటలు మిషను మీద ఉంటారు, దిగాక కళ్లు తిరుగుతూ బయటికి వస్తారు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. నా భార్య ఆ ఆసుపత్రిలో నర్సు. ఒక రోజు మిషను దిగిన ముసలామె బస్టాపు దగ్గర పడిపోయి, రెండు గంటలు అక్కడే పడి ఉంది. ఆమెను తాగి పడిపోయిందనుకుని జనం పక్కనుంచి నడిచారు. ఆ సాయంత్రమే నా భార్య మా చర్చి ఆడవాళ్లు పదిమందితో మాట్లాడింది. మొదట ఆసుపత్రి గోడ పక్కన ఒక తాటాకు పందిరి, నాలుగు నులకమంచాలు. తర్వాత, ఆ రోడ్డు మీద పొలాలున్న ఒక రైతు కుటుంబం పెద్దావిడ వచ్చింది. ఆవిడ భర్త ఆ పందిరి కింద చాలాసార్లు పడుకున్నాడు, ఒక రోజు అక్కడే పోయాడు. ఆవిడ తన పేర ఉన్న పెంకుటిల్లు ఇస్తానంది.

"నీకు కాదమ్మా," అంది నా భార్యతో. "నువ్వు రేపు ఉంతావో నేదో. ఒక సంగం ఎట్టండి. సంగానికి ఇస్తాను."

సంఘం పెట్టారు. నా భార్య అధ్యక్షురాలు. కాగితాలు నేనే రాశాను. దానపత్రంలో ఒక షరతు పెట్టారు: సంఘం తన నియమావళి ప్రకారం నడుస్తున్నంత కాలం ఇల్లు సంఘానిది, నడవకపోతే దాత వారసులకు తిరిగి చెందుతుంది. ఆవిడ అడిగినది సబబే అనిపించింది. నేనే అందంగా రాసి ఇచ్చాను.

సంఘానికి ఒక ఆనవాయితీ ఉంది. పదకొండు ఇళ్లలోనూ పొద్దున్న ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. గురువారం ఆ కుండలు పెంకుటింటికి వస్తాయి. అవే రోగుల అన్నం. కూరలు మాత్రం అక్కడ వండాలి, ఎందుకంటే ఆ రోగులకు ముక్కలు ఉడికించి, నీళ్లు వంపేసి, మళ్లీ వండాలి. ఉప్పు దాదాపు వేయకూడదు. ఉప్పుమళ్లలో జీవితమంతా పనిచేసినవాళ్లు ఆ కూర నోట్లో పెట్టుకుని తిట్టే తిట్లు నేను విన్నాను.

వండేది నా భార్య పిన్ని కూతురు. వయసులో ఉండగానే భర్త పోయాడు. నా భార్యను అప్ప అనేది. నన్ను బావా అంటుంది, కోపం వస్తే కోర్టు బావా అంటుంది. ఆమే సంఘానికి కార్యదర్శి. ఉపాధ్యక్షురాలిని వాళ్లంతా రెండో ఆమె అంటారు. ఏడో తరగతి చదివింది. గురువారం ఆడవాళ్లంతా కూర్చుని మాట్లాడుకున్నది పొడుగాటి రూళ్ల పుస్తకంలో రాసేది. "ఈ వారం తొమ్మిదిమంది వచ్చేం. వంకాయలు పుచ్చిపోనాయి. ఒకామె అలిగి ఎల్లిపోనాది, మల్లీ పిలవాల." ఇలా ఉండేది.

ఏడాదికోసారి ఆ పుస్తకాన్ని నేను ఆఫీసు భాషలోకి దిద్ది సాపు రాసేవాణ్ని. అజెండాలోని అంశములు కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. అలిగి వెళ్లినామె నా సాపు ప్రతిలో ఉండేది కాదు. వంకాయలూ ఉండేవి కావు.

"మీరు రాసిందాంట్లో మేం ఒక్కరం కూడా కనపడం," అంది నా భార్య ఒకసారి.

"చట్టానికి ఇలాగే కావాలి," అన్నాను. నవ్వాను కూడా.

ఆమె ఒక సోమవారం పోయింది. డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలో పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు.

ఆ శుక్రవారం వంట చేసే ఆమె మా ఇంటికి వచ్చి, వంటింట్లోకి వెళ్లి, ఒక కుండ తీసి బల్ల మీద పెట్టింది. "బావా, మనిషి పోయినా ఏడాది దాకా ఆ ఇంటి పిడికెడు ఆగకూడదు. రోజూ ఎయ్యి. గురువారం తే," అంది. ఏడాది వరకు పోయినామె పేరు బియ్యం జాబితాలోంచి తియ్యరు. వాళ్లలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. నేను రోజూ వేశాను. మొదటి గురువారం కుండ చూసి, "నీ పిడికిలి ఎక్కువ పట్టేస్తాది బావా, నీకు అన్నం మిగలదు," అంది ఆమె.

నాలుగు నెలలకు, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాల్సిన సమయం వచ్చింది. వంట చేసే ఆమె పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "సాపు రాసీ బావా."

నేను ఆ పుస్తకం తెరవలేదు. అందులో నా భార్య పోయిన వారపు గురువారం ఉంటుందని తెలుసు. ఏం రాసి ఉంటారో చదవడం నావల్ల కాలేదు. పాత సంవత్సరం సాపు ప్రతి చూసి తేదీలు మార్చి కొత్తది రాశాను. జాబితాలో అధ్యక్షురాలి పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలాను.

కౌంటరు అవతల ఉన్న గుమాస్తా కాగితం చూసి నవ్వాడు. "ఈ గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోదండి. ఏదో ఒక పేరు రాసీండి. మీకు తెలీందేముంది, మీరూ ఆఫీసువారే కదా."

చనిపోయింది అని చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. ఆమె పేరు రాశాను. "సంతకం?" అన్నాడు. పెట్టాను. ఆమె పోయాక ఆమె పేరు నేను రాయడం అదే మొదటిసారి. మరణ ధ్రువపత్రం దరఖాస్తు కూడా మా తమ్ముడే రాశాడు. ఆ గడిలో ఆమె పేరు కనిపిస్తే నాకు కాసేపు ఊపిరి ఆడింది. అంతకన్నా ఏమీ చెప్పను.

ఆ గుమాస్తా మీద నాకు కోపం ఉంది. ఆ కోపం న్యాయమైనది కాదని కూడా తెలుసు. కౌంటరుకు ఇవతల నిలబడ్డవాళ్లకు నేను అదే గొంతుతో అదే మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఏదో ఒకటి రాసీండి. వాళ్లు రాసుకుని వెళ్లిపోయేవారు. తర్వాత వాళ్లకు ఏమయిందో నేను ఎప్పుడూ అడగలేదు.

ఇల్లు ఇచ్చిన పెద్దావిడ అప్పటికే పోయింది. ఆవిడ కొడుకు ఒక మధ్యాహ్నం పెంకుటింటికి వచ్చాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఆ ఇల్లు ఉన్న చోట దుకాణాల వరస కట్టుకోవాలని అతని ఆలోచన. అది దాచుకోలేదు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, జేబులోంచి ఒక జిరాక్సు తీశాడు. సమాచార హక్కు కింద తెచ్చుకున్న మా జాబితా నకలు.

"నాకేటి కోపం నేదు బాబాయ్," అన్నాడు నాతో. "మా అమ్మ ఇచ్చినాది, నేను కాదన్నానేటి? సంగం బతికున్నంతకాలం మీదే. కానీ ఇది సూడు. నర్సమ్మగారు పోయిన నాలుగు నెల్లకి సంతకం. సచ్చిపోనోల్లు సంతకాలెడతారేటి బాబాయ్?"

లోపల మంచం మీద మిషను దిగిన ఆమె పడుకుని ఉంది. నౌపడ ఉప్పుమళ్లలో పాతికేళ్లు పనిచేసింది. మంగళ, గురు, శనివారాలు వస్తుంది. ఆమె తల ఎత్తకుండానే అంది: "నువ్వు బతికుండే ఏటి సేస్తన్నావురా నాయినా?"

అతను నవ్వాడు. పదిహేను రోజుల్లో లాయరు నోటీసు వచ్చింది. సంఘానికి చట్టప్రకారం అధ్యక్షురాలు లేదు, కార్యవర్గం బూటకం, సంఘం నడవడం లేదు, కాబట్టి ఇల్లు ఖాళీ చేయాలి. నోటీసు బాగా రాసి ఉంది. వాక్యాలన్నీ నా భాషలోనే ఉన్నాయి.

వంట చేసే ఆమె నోటీసు చదివించుకుని, "ఈ సంతకం ఎవులెట్టేరు?" అంది.

"నేనే."

ఆమె వెళ్లి ఉడికిన ముక్కల నీళ్లు వంపింది.

ఆ రోజుల్లోనే విజయనగరంలో సేవా సంస్థలకు న్యాయ సహాయం మీద ఒక రోజు సదస్సు ఉందని ఎవరో ఫోనులో పంపారు. పేరు చూసి ఆశపడ్డాం. ఇద్దరం పాసింజరు రైల్లో వెళ్లాం. ఫంక్షన్ హాలు. మనిషికన్నా పెద్ద ఫ్లెక్సీ. దీపం వెలిగించారు, శాలువాలు కప్పారు, కప్పినవాళ్లకు మళ్లీ కప్పారు. అనాథ పిల్లలను చూసేవాళ్లు, వికలాంగులకు బడి నడిపేవాళ్లు, మాలాంటివాళ్లు చిన్న చిన్న ఊళ్లనుంచి వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లలో సగంమంది చేతుల్లో ప్లాస్టిక్ సంచులున్నాయి, సంచుల్లో నోటీసులున్నాయి. పెద్ద నగరం నుంచి వచ్చిన వక్త తెర మీద ఇంగ్లీషు అక్షరాలు చూపిస్తూ, ఒక సంస్థ ఎలా ఉండాలో గంటన్నర చెప్పాడు.

వంట చేసే ఆమె మధ్యలో లేచింది. "బావూ, మా ఇల్లు లాక్కుంతన్నారు. ఏటి సెయ్యాలో అది సెప్పండి."

"చాలా మంచి ప్రశ్న అమ్మా. ప్రశ్నల సమయంలో తీసుకుందాం."

ప్రశ్నల సమయం భోజనాల్లో కలిసిపోయింది. నేను చేయి కడుక్కునే చోట వక్తను పట్టుకుని కాగితం చూపించాను. అతను మర్యాదస్తుడు. కాగితం ముట్టుకోలేదు. "ఇది కేసు సార్. మేం విడి కేసులు చూడం. సంస్థలకు అవగాహన కల్పించడం వరకే మా పని," అన్నాడు. చేతిలో ఒక సంచి పెట్టాడు. సంచిలో పెన్ను, ఇంగ్లీషు పుస్తకం, అభిప్రాయ పత్రం. అభిప్రాయ పత్రం మీద అయిదు మొహాల బొమ్మలు, నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా.

"ఈ ఏడుపు మొగం కాడ గీత ఎట్టనా బావా?" అంది ఆమె.

"పెట్టు."

అయిదింటికీ పెట్టింది. "అందరూ ఏడిసినోల్లే," అంది.

రైల్లో వస్తున్నంతసేపూ ఆ సంచి ఒళ్లో పెట్టుకుని అదే తలుచుకున్నాను. సహాయం అన్న మాటను ఇంత పెద్ద అక్షరాల్లో రాసి, నోటీసు పట్టుకున్నవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి ఫొటోలు తీసుకుని, ఒక్క నోటీసు కూడా చదవకుండా పంపించారు. డబ్బున్నవాడు తన తాత పేర ట్రస్టు పెట్టుకుంటే లాయర్లు ఇంటికి వెళ్లి రాసి పెడతారు. పిడికెడు బియ్యంతో ఆకలి తీర్చే ఆడవాళ్లకు పుస్తకం ఇస్తారు, అదీ వాళ్లు చదవలేని భాషలో. కానీ నేను ఎవరిని అంటాను? వాళ్లకు ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే న్యాయ సహాయం ఉంది. అది నేను.

చివరికి దొరికిన లాయరు నాకు తెలిసిన పిల్లే. ఎచ్చెర్లలో లా చదివి, నేను రిటైరయ్యే ముందు మా కోర్టులో జూనియరుగా చేరింది. వరి రైతుల ఇంటి పిల్ల. ఆమెకు కబురు పెడితే స్కూటీ మీద నేరుగా పెంకుటింటికి వచ్చింది. వచ్చి ముందు వంటగది చూసింది, మంచాలు చూసింది, మిషను దిగిన ఉప్పుమళ్ల ఆమె పక్కన కూర్చుని ఎప్పటినుంచి వస్తున్నారని అడిగింది.

"ఈ మంచాలు నేకపోతే ఎక్కడుంతారు పెద్దమ్మా?"

"బస్టాపులో తొంగుంతాను. గోవులు నాకుతాయి," అంది ఆమె.

తర్వాత నా వైపు తిరిగింది. నేను నా ఫైలు ఇచ్చాను. ఇరవై ఏళ్ల సాపు ప్రతులు, వరసగా, దారం కట్టి. నాలుగు కాగితాలు తిప్పి పక్కన పెట్టేసింది.

"సార్, ఇవన్నీ ఒకే లాగున్నాయి. ప్రతి ఏడూ అందరూ వచ్చేరు, అందరూ ఒప్పుకున్నారు. దీన్ని ఏ జడ్జీ నమ్మడు. మీ కాపీ కాదు. ఆల్ల పుస్తకం ఏది?"

వంట చేసే ఆమె బియ్యం డబ్బా మూత మీదనుంచి గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చింది. లాయరు పేజీలు తిప్పింది. ఒక చోట ఆగి, నాకు అందించింది. "సదవండి సార్."

"నువ్వు చదువు."

"మీరే సదవాల."

చదివాను. పైకి చదివాను. ఇప్పుడు కూడా కంఠతా వచ్చు.

"ఈ గురువారం అప్ప నేదు. సోమవారం పోనాది. పదిమందిమి వచ్చేం. అప్ప కుర్సీ ఏడాది దాకా ఎవులికీ ఇవ్వకూడదని అనుకున్నాం. కుర్సీ ఖాలీ. పనులు రెండో ఆమె సూస్తాది. బియ్యం అప్ప ఇంటినించి బావ తేవాల. తెస్తాడో నేదో."

కింద పది సంతకాలు, వేలిముద్రలు. ఒక సంతకం అలికి ఉంది.

లాయరు నియమావళి తీసింది. "అధ్యక్షురాలి స్థానం ఖాళీ అయితే తదుపరి సర్వసభ్య సమావేశం వరకు ఉపాధ్యక్షురాలు బాధ్యతలు నిర్వర్తించును," అని చదివింది. "ఆల్లు సరిగ్గా ఇదే సేసేరు సార్. రూలు తెలీకుండానే. ఈ రూలు ఎవులు రాసేరు?"

"నేనే," అన్నాను.

మంచం మీద ఉప్పుమళ్ల ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గుతూనే నవ్వింది.

"సంగం బతికే ఉన్నాది," అంది లాయరు. "ఈ పుస్తకం సాలు. కానీ ఆఫీసులో ఉన్న జాబితాకీ దీనికీ పొంతన కుదరదు. అది ఎవులు రాసేరో, ఎవులు సంతకం ఎట్టేరో కోర్టులో సెప్పాల. ప్రమాణం మీద. అప్పుడే ఆడోల్ల మీదినుంచి పోతాది."

"నా మీదకు వస్తుంది."

"వస్తాది. ఆయన పోలీసు కంప్లయింటు ఎలాగూ ఇస్తాడు. మీ పింఛను మీదకి రావొచ్చు, రాకపోవొచ్చు. నేను హామీ ఇవ్వను సార్. అబద్దం మీద ఇంకో అబద్దం కట్టమంటే మాత్రం ఇప్పుడే ఎల్లిపోతాను."

"ఒక్క రోజు ఆలోచించుకుంటాను."

అప్పుడు వంట చేసే ఆమె గరిటె కింద పెట్టింది. అన్ని నెలలుగా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

"ఏటి ఆలోసిస్తావు బావా? అప్ప సచ్చిపోనాదని మేం రాసేం. ఏడుసుకుంటా రాసేం. అక్కడ ఒకటి అలికిపోయింది సూడు, అది నా సంతకం. సదువుకున్నోడివి, కోర్టోడివి, నువ్వు రాయలేకపోనావు. మా అప్పని దొంగ కాయితంలో కూకోబెట్టేవు. ఆల్లెవలో ఇప్పుడు సచ్చిపోనోల్లు సంతకాలెడతారా అని నవ్వుతన్నారు. ఎవుల్ని సూసి నవ్వుతన్నారు? నిన్ను కాదు. దాన్ని."

ఆమె నావైపు చూడకుండా ముక్కలు తరగడం మొదలుపెట్టింది. సాయంత్రం బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. వెళ్తూ లాయరుకు ఫోను చేసి, అఫిడవిట్టు సిద్ధం చేయమన్నాను.

ఏడాది నిండిన గురువారం సర్వసభ్య సమావేశం పెట్టారు. రూళ్ల పుస్తకంలో తీర్మానం వంట చేసే ఆమే రాసింది. ఈసారి నేను పక్కన కూర్చున్నాను, ఒక్క అక్షరం దిద్దలేదు. పేరు తీసేశారు. రెండో ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఇద్దరు వద్దన్నారు, వాళ్ల పేర్లు కూడా రాసింది. సాపు ప్రతి లేదు. ఆ పుస్తకం పేజీలే జిరాక్సు తీసి ఆఫీసులో ఇచ్చాం. ఆ గుమాస్తా తీసుకోనన్నాడు. భాష సరిగా లేదన్నాడు. లాయరు పక్కన నిలబడి, ఏ రూలు ప్రకారం తీసుకోవో రాసి ఇమ్మంది. తీసుకున్నాడు.

ఇల్లు ఖాళీ చేయించకుండా ఆపమని సంఘం కోర్టులో దావా వేసింది. అక్కడ నా అఫిడవిట్టు చదివారు. నేను పనిచేసిన బల్ల దగ్గర ఇప్పుడు వేరే గుమాస్తా ఉన్నాడు. నాకన్నా చిన్నవాడు, నా దగ్గరే పని నేర్చుకున్నాడు. తల ఎత్తలేదు. అవతలి లాయరు, పిటిషనరు పక్షాన ఒక మాజీ కోర్టు ఉద్యోగే ఫోర్జరీ ఒప్పుకున్నాడు, ఇంతకన్నా ఏం కావాలి అన్నాడు. మా లాయరు రూళ్ల పుస్తకం జడ్జిగారికి అందించింది. జడ్జిగారు ఆ పేజీ చాలాసేపు చదివారు. ముందు పేజీలు కూడా చదివారు. వంకాయల పేజీ, అలిగినామె పేజీ చదివి ఉంటారు. దావా తేలేవరకు సంఘాన్ని ఇంట్లోంచి కదిలించకూడదని ఇంజంక్షను ఇచ్చారు. అలిగి వెళ్లినామెను నేను ఇరవై ఏళ్లు సాపు ప్రతుల్లోంచి తీసేస్తూ వచ్చాను. ఆ సంఘం నిజమైనదని చెప్పడానికి పనికొచ్చింది ఆమే.

వరండాలో పెద్దావిడ కొడుకు ఎదురుపడ్డాడు. "నాకేటి కోపం నేదు బాబాయ్," అన్నాడు మళ్లీ. ఆ వారమే పోలీసులకు కంప్లయింటు ఇచ్చాడు.

ఇప్పుడు నేను ముద్దాయిని. ఆ మాట రాయడానికి నాకు ఇబ్బంది లేదు, అది సరైన మాట. తప్పు చేశాను. కానీ నేను చేసిన తప్పు వల్ల ఒక ముసలామె బస్టాపులో పడుకోవాల్సి వచ్చేది, ఆ శిక్ష ఏ సెక్షనులోనూ లేదు. నేను సంతకం పెట్టినందుకు చట్టం నన్ను పిలుస్తోంది. ఆమె మంచం లాక్కోబోయినందుకు ఎవరినీ పిలవదు. దాన్ని ఆస్తి హక్కు అంటారు. ఈ రెండు సంగతులూ ఒకే భవనంలో, ఒకే బల్ల మీద నడుస్తాయని నాకు ఎప్పుడో తెలుసు. తెలిసీ ముప్పై నాలుగేళ్లు జీతం తీసుకున్నాను.

మొదటి వాయిదా గురువారం పడింది. పొద్దున్న కుండలో పిడికెడు వేసి, ఆ కుండ పెంకుటింట్లో పెట్టి బయలుదేరాను. ఏడాది అయిపోయింది కదా, ఇక అక్కర్లేదని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. వంట చేసే ఆమె వంట రెండో ఆమెకు అప్పజెప్పి నాతో వచ్చింది. వద్దన్నా వచ్చింది.

వరండా నిండా జనం. నేను బెంచీ మీద కూర్చున్నాను. నా కాలంలో మూడు పిలుపుల తర్వాత రాకపోతే గైర్హాజరు అని రాసేవాణ్ని. బస్సు దొరకనివాళ్లు, చెవులు సరిగా వినపడనివాళ్లు, తమ పేరును ఆ గొంతుతో ఎప్పుడూ వినక గుర్తుపట్టనివాళ్లు. ఎంతమందికి రాశానో.

బంట్రోతు తలుపు దగ్గరికి వచ్చి నా పేరు పిలిచాడు. మాకు అలవాటైన ఆ సాగదీసిన గొంతుతోనే. నేను బెంచీ అంచు పట్టుకుని నెమ్మదిగా లేవబోయాను. రెండోసారి పిలిచాడు.

"ఉన్నాడు, ఉన్నాడు!" అని వంట చేసే ఆమె వరండా అంతా వినపడేలా అరిచింది. "ఎందుకల్లాగ అరుస్తావు? మనిషి లెగాలా వద్దా?"

నా చేయి పట్టుకుని లేపింది. లోపలికి వెళ్లి నిలబడ్డాను. రెండు నిమిషాలు. వచ్చే నెలకు వాయిదా వేశారు.

మధ్యాహ్నానికి పెంకుటింటికి తిరిగి వచ్చాం. ఉప్పుమళ్ల ఆమె మిషను దిగి మంచం మీద ఉంది. మొహం పాలిపోయి ఉంది. మమ్మల్ని చూసి కళ్లు తెరిచింది. వంట చేసే ఆమె నేరుగా వంటగదిలోకి వెళ్లిపోయింది.

"ఏటయినాది బావూ?"

"వాయిదా వేశారు."

"నీ సంగతి కాదు. ఈ ఇంటి సంగతి. శనివారం తీసుంతాదా?"

"ఉంటుంది," అన్నాను.

"అయితే ఆల్లకి సెప్పు," అంది వంటగది వైపు చూపించి, "శనివారం కూరలో ఒక్క పిసరు ఉప్పెయ్యమను. సచ్చిపోతే సచ్చిపోతాను."

"నువ్వు సచ్చిపోతే సంతకం ఎవులెడతారే?" అని వంటగదిలోంచి గొంతు వచ్చింది.

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. కుండలో బియ్యం డబ్బాలో పోసి, మూత పెట్టి, పుస్తకాన్ని మళ్లీ దాని మీద పెట్టాను.